పొగరు అనే మాట వెనక

భానుమతి పేరెత్తితే మా అమ్మమ్మ ఒకటే మాట అనేది: "మహా పొగరమ్మా ఆవిడకి!" ఆ మాటలో నింద ఎంతో, ముచ్చట ఎంతో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. 'అత్తగారి కథలు' మాత్రం అమ్మమ్మ దిండు కిందే ఉండేది.

తర్వాత నేను తెలుగు కథా రచయిత్రుల మీద పరిశోధన చేశాను. నా సిద్ధాంత గ్రంథంలో భానుమతికి దక్కింది ఒక్క అధస్సూచిక. నటి, హాస్య కథలు కూడా రాశారు అని. ఆ 'కూడా' తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అందుకే ఆమెను నటిగా కాక నిర్మాతగా, కథకురాలిగా మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి 1939లో 'వరవిక్రయం'తో తెర మీదకొచ్చింది. కాళ్లకూరి నారాయణరావు నాటకం ఆధారంగా తీసిన ఆ సినిమాలో, అమ్ముడుపోవడం కన్నా చావే నయమనుకున్న కాళింది పాత్ర ఆమెది. 1943లో సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావును ఇష్టపడి పెళ్లి చేసుకుంది. సినిమాలు మానేసి ఇంటిపట్టున ఉందామనుకున్న ఆమెను 'స్వర్గసీమ' (1945) మళ్లీ వెనక్కి తెచ్చింది. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ కొడుకు పేరుతో భరణీ పిక్చర్స్ స్థాపించారు. 'రత్నమాల', 'లైలా మజ్ను' అలా వచ్చినవే. మద్రాసులో సొంత స్టూడియో కూడా కట్టుకున్నారు.

స్త్రీలు సినిమాలు తీయడం అప్పటికి కొత్తేమీ కాదు. దాసరి కోటిరత్నం, కన్నాంబ ముందే ఆ దారిన నడిచారు. భానుమతి అక్కడితో ఆగలేదు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తనే దర్శకత్వం వహించి, ద్విపాత్రాభినయం కూడా చేసింది. అయినా భరణీ చిత్రాల్లో ఎక్కువ వాటికి దర్శకుడిగా కనిపించేది భర్త పేరే. ఒకే ఇంట్లో, ఒకే సంస్థలో జరిగిన పనిలో ఎవరి ఆలోచన ఎంతో టైటిల్ కార్డులు చెప్పవు. ఉమ్మడి సంసారంలో ఆడవాళ్ల చాకిరీకి లెక్క ఉండనట్టే ఇదీను.

'మిస్సమ్మ' ముచ్చట అందరికీ తెలిసిందే. ఆ పాత్ర మొదట భానుమతిది. నిర్మాత చక్రపాణితో తేడా వచ్చింది. ఆమె క్షమాపణ చెప్పనంది. పాత్ర సావిత్రికి వెళ్లింది. 1955లో సినిమా విడుదలై ఘనవిజయం సాధించింది. ఈ కథ చెప్పే ప్రతివాళ్లూ చివర 'పొగరు' అనే మాటే చేరుస్తారు. చక్రపాణి పట్టుదలకు మాత్రం ఆ పేరు పెట్టరు. నాకు తోచేది ఇంకొకటి. కాదనడానికి ధైర్యం ఒక్కటే చాలదు, కాదన్న మర్నాడు నిలబడడానికి చోటుండాలి. భానుమతికి ఆ చోటు భరణీ. అది లేని నటీమణులు ఎన్ని క్షమాపణలు చెప్పుకుని ఉంటారో ఏ చరిత్రా రాయలేదు.

ఆమె సినిమాలన్నీ మన దృష్టిలో అభ్యుదయకరమైనవని నేననను. 'అత్తగారి కథలు'లో కూడా తిరుగుబాటు లేదు. మడీ ఆచారాలూ ఆవకాయ జాడీల మధ్య అత్తగారి అమాయకత్వం, పెత్తనం. వాటిని పక్కనే నిలబడి చూస్తూ నవ్వుకునే కోడలు. అయితే తెలుగు సినిమా ఆరళ్ల అత్తను తయారు చేసుకుంటున్న కాలంలో, అత్తను ప్రేమగా నవ్వుతూ చూడగలిగిన చూపు అది. తెర మీద స్త్రీ ఎలా ఉందని అడగడం మన విమర్శ బాగానే నేర్చుకుంది. కథ ఎవరు రాశారు, డబ్బు ఎవరు పెట్టారు, స్టూడియో ఎవరిదని అడగడమే ఇంకా అలవాటు కాలేదు.

1972లో 'అంతా మన మంచికే' తీసింది. ఆత్మకథ 'నాలో నేను' రాసింది. 2003లో పద్మభూషణ్ అందుకుంది. 2005 డిసెంబరు 24న కన్నుమూసింది. తర్వాత వచ్చిన నివాళుల్లో నేను చదివినవన్నీ నటి, గాయని అనే మొదలయ్యాయి.

నా గ్రంథం పుస్తకంగా వేసే పనిలో ఉన్నాను. ఆ అధస్సూచిక తీసేసి అక్కడ ఒక అధ్యాయం రాస్తున్నాను. అమ్మమ్మ ఉంటే అడిగేదాన్ని, ఆవిడ పొగరులో నువ్వు దాచుకున్నది నీ కోరికేనా అని.