గడియగిన్నె - గడియారపు వలయము

గడియారమునకు రెండు పనులు గలవు. ఇప్పుడు ప్రొద్దెంతయైనదో చెప్పుట యొకటి. ఒక పని మొదలుపెట్టిన పిదప నెంత కాలము గడచినదో చెప్పుట రెండవది. మొదటిదానిని నీడయే చెప్పగలదు. రెండవదానికై మానవుడు వేఱు సాధనములను గల్పించుకొనవలసి వచ్చినది. ఆ సాధనముల చరిత్రమును, అవి బిగిసిపోయినప్పుడు చేయదగిన పనియు నేటి నా ప్రసంగమునకు విషయము.

ఈ విషయము నాకు దోచుటకు నా పూర్వశిష్యుడొకడు కారణము. అతని తండ్రి కువైటులో ననేక సంవత్సరములు పనిచేసి, మిగిల్చిన సొమ్ముతో వెలగల చేతిగడియారమొకటి కొని తెచ్చుకొనెను. 1970 తరువాతి దశాబ్దములలో కడప మండలమునుండి యట్లు గల్ఫు దేశములకు బోయినవారు వేలకొలది గలరు. తిరిగివచ్చి యాయన ప్రొద్దుటూరి దాపున నాపరాళ్లకు మెఱుగుపెట్టు యంత్రమును నడపెను. ఆయన గతించిన పిమ్మట గడియారము కుమారునిదైనది. అతడొకనాడు జమ్మలమడుగులోని మా యింటికి వచ్చి, "అయ్యవారూ, ముళ్లు బాగానే నడుస్తాండాయి. అద్దం చుట్టూ ఉండే ఈ కట్టు మాత్రం తిరగదు. మా నాయన దీన్ని తిప్పుకొనే మిషను వేసేవాడు" అని దానిని నా చేతిలో బెట్టెను. పట్టుకారుతో ద్రిప్పజూచిన క్రొత్త గీత యొకటి దానిపై గనబడుచుండెను.

గడియారములవారు బెజెలని పిలుచు నీ తిరుగు వలయమునకు మన దేశమున బ్రాచీన బంధువొకటి గలదు. అదియే గడియగిన్నె. సూర్యసిద్ధాంతమున దాని వర్ణన మున్నది. అడుగున సన్నని రంధ్రముగల రాగిపాత్రను నీటితొట్టిలో విడువగా, నీరెక్కి యది మునుగునంతటి కాలము గడియ. రాత్రింబవళ్లలో నది యఱువదిమార్లు మునుగవలెను. కనుక గడియ యనగా 24 నిమిషములు. గడియారమను మాటయు నా గడియనుండి వచ్చినదే. నీరు నిర్మలముగా నుండవలెనని యా గ్రంథకర్త ప్రత్యేకముగా జెప్పుట గమనింపదగినది. నీటిలోని మన్ను రంధ్రమున బేరుకొన్నచో గిన్నె యాలస్యముగా మునుగును, గడియ సాగిపోవును, ముహూర్తము తప్పును.

ముహూర్తము తప్పిన కథయు నొకటి కలదు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతీ గణితమును రచించెను. 1587లో ఫైజీ దానిని పారసీక భాషలోనికి మార్చుచు, కవికుమార్తెను గూర్చిన యొక కథను ముందు జేర్చెను. వివాహ ముహూర్తము దెలియుటకై తండ్రి గిన్నెను నీట విడిచెనట. వంగి చూచిన బాలిక యాభరణమునుండి ముత్యమొకటి జారి రంధ్రమున కడ్డుపడెనట. గిన్నె మునుగలేదు, ముహూర్తము గడచిపోయెను. కథ నిజమగుగాక, కాకపోవుగాక, అందలి నీతి మాత్రము సత్యము. గిన్నె పగులలేదు, నీరు తొలగలేదు. చిన్న సందున బడిన యించుక యడ్డే సాధనమును వ్యర్థము చేసినది.

సముద్రగర్భమున నీ లెక్క తప్పిన బ్రాణమే పోవును. స్విట్జర్లాండులోని బ్లాంక్‌పా గడియారముల సంస్థకు నధిపతియైన జాన్ జాక్ ఫీష్టరు నీటియడుగున నీదుచు గాలము మఱచి, వీపున గట్టుకొన్న గాలి యయిపోవు వేళకు గాని మేల్కొనలేదు. 1953లో నాయన సంస్థ ఫిఫ్టీ ఫాదమ్స్ అను గడియారమును వెలువరించెను. ఫ్రెంచి నౌకాదళపు ఈతగాండ్రకు నాయకులైన రొబేర్ మలూబియే, క్లాడ్ రిఫో యనువారు తమకు గావలసిన గడియారమున కోరిన లక్షణములు దానియందు గానవచ్చినవి. ఆ సంవత్సరముననే రోలెక్సువారును సబ్‌మెరీనరును నిర్మించిరి.

విశేషమంతయు వలయమునందే యున్నది. దానిపై నఱువది నిమిషముల గుర్తులుండును. పని మొదలిడునప్పుడు వలయపు మొదటి గుర్తును నిమిషముల ముల్లున కెదురుగా ద్రిప్పియుంచిన, తరువాత ముల్లు చూపు నంకెయే గడచిన నిమిషముల సంఖ్య. కూడిక తీసివేతలతో బనిలేదు. తనంత దాను దిరుగకుండుటకై ఫీష్టరు దానిని నొక్కిననే తిరుగునట్లు చేసెను. తరువాతి కాలపు గడియారములలో నది యెడమవైపునకే తిరుగును. రాయి తగిలి కదలినను, గడచిన కాలము నెక్కువగా జూపునే కాని తక్కువగా జూపదు. ఈతగాడు ముందుగానే పైకి వచ్చును. పులివెందుల చీనీతోటలో మోటారు వేసిన రైతునకును, పరీక్షలో కాలము లెక్కించు నుపాధ్యాయునకును ఈ లెక్కయే యుపకరించును.

మన ప్రాంతమున నీ వలయమునకు శత్రువులు చెమటయు దుమ్మును. వలయమునకును గడియారపు డొల్లకును నడుమ వెండ్రుకవంటి సందొకటి యుండును. దానిలో సన్నని ఉక్కుతీగయో, రేకువంటి స్ప్రింగో యుండి వలయమును బట్టియుంచును. చెమటలోని యుప్పు, సబ్బుమడ్డి, రాతిపొడి యచట జేరి గచ్చువలె గట్టిపడును. ఉక్కు త్రుప్పు పట్టుటయు, రబ్బరు గట్టిపడుటయు గలదు. వలయ మంతటను సమముగా బిగిసియున్న ముఱికి యని తలపవచ్చును. ఒక్కచోటనే పట్టుకొన్నచో దెబ్బ తగిలినదని యనుమానింపవలెను.

ఉపాయము సులభము, ఓర్పే కష్టము. పాతగడియారము పూర్వము నీటి కోర్చినదైనను, పరీక్షింపక యిప్పుడును నోర్చునని నమ్మరాదు. కీ తిప్పు బొడిపెను బిగించి, సందువెంట నించుక తడిపిన మెత్తని బ్రష్షుతోను, కొయ్యపుల్లతోను ముఱికిని దీయవలెను. నానబెట్టవలసివచ్చిన, లోని యంత్రమును దీయించి వట్టి డొల్లనే గోరువెచ్చని సబ్బునీట నుంచవలెను. మన కంసాలులు కుంకుడురసమున నగలను నానవేయుట యిట్టిదే. వేడినీరు తగదు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె అసలే తగవు. అవి యొకనాడు జారుడు నిచ్చి మఱునాటినుండి దుమ్మును బిలుచును.

అప్పటికిని గదలనిచో నేర్పరియైన పనివానిచే వలయము నూడదీయింపవలెను. కొన్నిటిలో నద్దమును బట్టియుంచు కట్టు దాని క్రిందనే యుండుటచే నిది యింట జేయు పని కాదు. అతడు స్ప్రింగును మార్చి, సిలికాను గ్రీజును బలుచగా బూసి బిగించును. 1960 ప్రాంతమునకు ముందటి గడియారములలో జీకటిలో వెలుగు పూతయందు రేడియముండవచ్చును. ఆ పూతను గీకరాదు, పొడిని నోట నూదరాదు.

నా శిష్యుని గడియారమును ప్రొద్దుటూరిలో నొక పనివాని కప్పగించితిమి. వలయ మూడిరాగా దాని క్రింద బూడిదరంగు పొడి గట్టిపడి కనబడెను. అది తండ్రి దినదినము మెఱుగుపెట్టిన నాపరాతి పొడియే. స్ప్రింగు చెడలేదు. కడిగి బిగింపగా వలయము మెత్తగా దిరిగినది. పట్టుకారు గీత మాత్రము మిగిలిపోయినది. సానపట్టిన నది పోవును గాని పాతగడియారపు విలువయు దానితోడనే కొంత పోవును.

వలయముపై మొదటి గుర్తుగా నుండు మెఱయు చుక్కను ఆ వృత్తివారు ముత్యమనియే పిలుతురు. ఒక ముత్యము లీలావతి గడియను నిలిపినదట. ఈ ముత్యము శిష్యుని చేతిపై మరల గడియను లెక్కించుచున్నది. అడ్డును దొలగింపుడు, బలము చూపకుడు. ఇంతియే నా మనవి.