డిమెన్షియా ఉన్న భర్త లేదా భార్య చేయి చేసుకుంటుంటే...

నలభై ఏళ్ల కాపురంలో గట్టిగా ఒక్క మాట అనని మనిషి తిట్టడం, తోయడం, చేతికందింది విసరడం మొదలుపెడతాడు. డబ్బులు దొంగిలించావని భార్యనే నిలదీస్తాడు. స్నానానికి రమ్మంటే చెయ్యెత్తుతాడు. జబ్బు భార్యకు వచ్చినా ఇలాగే ఉండొచ్చు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది.

ఇది పొగరు కాదు, గాలి సోకడమూ కాదు. కోపాన్ని అదుపు చేసే మెదడు భాగాలు దెబ్బతింటాయి. ఎదుటి మనిషి ఎవరో, ఎందుకు ముట్టుకుంటున్నారో అర్థంకాక భయంతో తిరగబడతారు.

ముందు కారణం వెతకాలి

నొప్పి, దాహం, మలబద్ధకం, నిద్రలేమి, సరిగా వినపడకపోవడం... వీటిని రోగి మాటల్లో చెప్పలేరు, కోపంగా చూపిస్తారు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రవర్తన బాగా మారితే మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది ఉండొచ్చు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. గొడవ ఎప్పుడు జరిగింది, దానికి ముందు ఏమైంది అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే కారణం బయటపడుతుంది. కొందరికి మగ్రిబ్ వేళకు కలవరం పెరుగుతుంది. చీకటి పడకముందే లైట్లు వేయాలి, టీవీ శబ్దం తగ్గించాలి. రంజాన్‌లో ఇంటి భోజన వేళలు మారినా రోగికి తిండి, నీళ్లు, మందులు డాక్టర్ చెప్పిన వేళకే అందాలి.

ఆ సమయంలో

వాదించొద్దు. రిటైరైన భర్త "డ్యూటీకి టైమైంది" అంటే "మీకు డ్యూటీ ఎక్కడిది?" అనడం కన్నా "చాయ్ తాగి వెళ్దురు గానీ, రండి" అనడం మేలు. వెనక నుంచి ముట్టుకోవద్దు, చేతులు పట్టి ఆపొద్దు. చెయ్యి అందనంత దూరంలో, తలుపు దగ్గరగా నిలబడాలి. తగ్గకపోతే పక్క గదిలోకి వెళ్లి పది నిమిషాలు ఆగాలి. స్నానం సాయంత్రానికి వాయిదా పడితే నష్టం లేదు. కత్తులు, కత్తెరలు, బరువైన వస్తువులు ముందే తీసి దాచాలి. ప్రాణభయం ఉంటే 112కు ఫోన్ చేసి, డిమెన్షియా రోగి అని చెప్పాలి.

మందుల సంగతి

నిద్రమాత్రలు సొంతంగా కొని వేయకూడదు. దూకుడు తగ్గించే కొన్ని మందులు వృద్ధులలో పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. లేనివి కనపడే, ఒళ్లు బిగుసుకుపోయే లెవీ బాడీ రకంలో ఇవి మరీ ప్రమాదం. తప్పనిసరైతే న్యూరాలజిస్ట్ లేదా సైకియాట్రిస్ట్ చెప్పిన మోతాదులో, కొద్దికాలమే వాడాలి.

చూసుకునేవారి మాట

చాలామంది భార్యలు దెబ్బలను కొంగు చాటున దాచుకుంటారు. పిల్లలకు తెలిస్తే బాధపడతారని, బంధువుల్లో పరువు పోతుందని ఊరుకుంటారు. సబర్ అంటే దెబ్బలు తింటూ మౌనంగా ఉండటం కాదు. పిల్లలకు, డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొడుకులు, కూతుళ్లు వారంలో వంతులు వేసుకుని తల్లికి నిద్ర, విశ్రాంతి దొరికేలా చూడాలి. వృద్ధుల సహాయానికి 14567, మానసిక ఒత్తిడికి టెలి మానస్ 14416 ఉచిత నంబర్లు. ఇంట్లో ఉంచలేని పరిస్థితి వస్తే సంరక్షణ కేంద్రంలో చేర్చడం కూడా వదిలేయడం కాదు, చూసుకోవడంలో అదీ ఒక పద్ధతే.