రాజుల ఏళ్లు, చుక్కల నెలలు

ఎడ్లపాడు మండలంలోని కొండవీటి కోట శ్రీకృష్ణదేవరాయల వశమైంది ఏ రోజున అంటే చరిత్ర పుస్తకాలు 1515 జూన్ 23 అని చెబుతాయి. ఆ విజయాన్ని చెక్కిన మంగళగిరి శాసనం మాత్రం శక వర్షం 1437, యువ సంవత్సరం, ఆషాఢ శుద్ధ హరివాసరం, అంటే ఏకాదశి, శనివారం అంటుంది. రెండూ ఒకే రోజు. జూన్ 23 అన్నది రోమ్‌లో జూలియస్ సీజర్ పెట్టిన లెక్క. సాళువ తిమ్మరుసు సేనలు కోట పట్టిన నాటికి పోప్ గ్రెగరీ సవరణ రావడానికి ఇంకా 67 ఏళ్లుంది. ఇప్పుడు మన గోడలకు వేలాడే క్యాలెండరు పద్ధతిలో వెనక్కి లెక్కిస్తే అది జూలై 3 అవుతుంది. అటు లెక్కించినా, ఇటు లెక్కించినా వారం శనివారమే.

ఒక కోట పట్టుబడిన రోజు చెప్పడానికి రోమన్ పాలకుడొకరూ, ఎప్పటివాడో ఒక శక రాజూ అవసరమయ్యారు. కాలాన్ని కొలవడంలో పాలకులకు అంత చోటు ఎలా దొరికింది, అది ఎక్కడ ఆగిపోయింది అన్నది పల్నాడు నేల మీద నిలబడి చూస్తే చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు రోమ్ సంగతి. తమకు మొదట్లో పది నెలల ఏడాదే ఉండేదని, అది 304 రోజులని రోమన్లు చెప్పుకునేవారు. జనవరి, ఫిబ్రవరి చేర్చింది నూమా అనే రాజని వాళ్ల ఐతిహ్యం. రాజులు పోయి రిపబ్లిక్ వచ్చాక ఏడాదికి 355 రోజులు. సూర్యుడి నడకతో పోలిస్తే పది రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి ఉండుండి ఫిబ్రవరి దగ్గర ఒక అధికమాసం వేయాలి. వేయాలో వద్దో తేల్చేది పాంటిఫెక్స్‌లనే పూజారుల మండలి. ఆ మండలిలో కూర్చునేది రాజకీయ కుటుంబాల పెద్దలే. కాన్సుల్ పదవి ఏడాదికే పరిమితం. మనవాడు పదవిలో ఉంటే ఒక నెల కలపవచ్చు, గిట్టనివాడు ఉంటే ఎగ్గొట్టవచ్చు. పన్నుల గుత్తేదారులకూ ఇందులో లాభనష్టాలుండేవి. కాలం మీద ఇంత బాహాటంగా పెత్తనం చలాయించిన వ్యవస్థ మరొకటి నాకు కనిపించలేదు.

క్రీ.పూ. 63లో ఆ మండలికి అధిపతిగా, పాంటిఫెక్స్ మాక్సిమస్‌గా సీజర్ ఎన్నికయ్యాడు. తర్వాత ఏళ్ల తరబడి గాల్ యుద్ధాలు, ఆపైన అంతర్యుద్ధం. అధికమాసాలు చాలావరకు తప్పిపోయాయి. కోతల పండుగ కోతల నాటికి రాని స్థితి వచ్చింది. క్రీ.పూ. 46లో సీజర్ ఆ ఒక్క ఏడాదిని 445 రోజులకు సాగదీసి రుతువులతో సరిచేశాడు. అలెగ్జాండ్రియా పండితుడు సోసిజెనీస్ సలహాతో 365 రోజుల ఏడాది, నాలుగేళ్లకోసారి ఒక రోజు అదనం అని స్థిరపరిచాడు. క్రీ.పూ. 45 జనవరి 1 నుంచి అది అమలైంది. 365 రోజుల ఏడాది ఈజిప్టులో అంతకు ముందే ఉంది కాబట్టి దాన్ని సీజర్ కనిపెట్టాడనలేం. ఆయన ఘనతంతా నెలలు కలిపే అధికారాన్ని మనుషుల చేతుల్లోంచి లాగి ఒక సూత్రానికి అప్పగించడంలో ఉంది. ఆయన చనిపోయాక పూజారులు ఆ సూత్రాన్ని కూడా తప్పుగా పట్టుకుని మూడేళ్లకోసారే రోజు కలుపుతూ పోయారు. ఆ తప్పును దిద్దింది అగస్టస్.

దిద్దినందుకు ప్రతిఫలం పేరు రూపంలో దక్కింది. క్వింటిలిస్ నెల క్రీ.పూ. 44లో జూలై అయింది, సెక్స్‌టిలిస్ క్రీ.పూ. 8లో ఆగస్టు అయింది. ఇక అక్కడి నుంచి చక్రవర్తులకు అదొక వ్యసనం. నీరో ఏప్రిల్‌కు తన పేరు పెట్టించుకున్నాడు. డొమిషియన్ సెప్టెంబరును, అక్టోబరును తనవి చేసుకున్నాడు. కొమోడస్ ఏకంగా పన్నెండు నెలలకూ తన పేర్లు, బిరుదులే తగిలించాడు. వాళ్లు పోయిన వెంటనే ఆ పేర్లూ పోయాయి. టిబేరియస్ మాత్రం, సెనేట్ తానై ఇస్తానన్నా, పదమూడో సీజర్ వచ్చిననాడు ఏం చేస్తారని అడిగి వద్దన్నాడని చరిత్రకారులు రాశారు.

ఆ టిబేరియస్ నాణేలు మన పల్నాటి దాకా వచ్చాయి. వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల నిధిలో టిబేరియస్ మొదలు కారకల్లా వరకు, అంటే దాదాపు 200 ఏళ్ల పాలకుల ముద్రలున్నాయి. భారతదేశంలో విరివిగా దొరికే టిబేరియస్ నాణేన్ని తిప్పి చూస్తే వెనక వైపు ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది, చుట్టూ పాంటిఫెక్స్ మాక్సిమస్ అనే బిరుదు పొట్టి అక్షరాల్లో ఉంటుంది. సీజర్‌కు క్యాలెండరు మీద చేయి వేసే హక్కునిచ్చిన పదవి అదే. ఇలాంటి నాణేల మీద ఫలానా సంవత్సరమని అంకె ఉండదు. చక్రవర్తి ఎన్నిసార్లు కాన్సుల్ అయ్యాడు, ఏ అధికారం ఎన్నోసారి చేపట్టాడు అన్న వివరం ఉంటే, దాన్నిబట్టే ఏడాది తేల్చుకోవాలి.

సరిగ్గా ఇదే పద్ధతి, మన రాజుల పేర్లతో, మాచర్ల దగ్గరి నాగార్జునకొండలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలిపింది చాంతిసిరి. ఆమె రాజుకు మేనత్త, అత్తగారు కూడా. ఆ స్తంభాల మీద ప్రాకృతంలో చెక్కిన తేదీ ఎంత పొదుపుగా ఉంటుందో చూడండి: రాజు ఏలుబడిలో ఆరో ఏడు, వర్ష రుతువులో ఆరో పక్షం, పదో రోజు. అంతే. ఏడాదికి గ్రీష్మం, వర్షం, హేమంతం అని మూడే కాలాలు, ఒక్కో కాలానికి ఎనిమిది పక్షాలు. చైత్రం, వైశాఖం అన్న మాట లేదు. వారం పేరు లేదు. వానాకాలం ఎక్కడ పడిందో ఎవరికైనా తెలుసు కాబట్టి ఆ నాటి మనిషికి ఆ తేదీ చాలు.

మనకు మాత్రం చాలదు. రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తెలియకపోతే ఆరో ఏడు అంటే ఏది? రాజుతో మొదలై రాజుతో ముగిసిపోయే లెక్కలో ఉన్న చిక్కు ఇదే. అయితే ఇక్ష్వాకుల శాసనాల్లోనే విజయ అనే సంవత్సరం పేరు కూడా కనిపిస్తుంది. ప్రభవ, విభవ అంటూ మనం ఉగాదినాడు చెప్పుకునే 60 పేర్ల వరుసలోదే. ఇప్పటి వరుసను వెనక్కి నడిపిస్తే విజయ అనేది క్రీ.శ. 273లో, 333లో వస్తుంది. ఆ వంశపు రాజుల కాలాలను కట్టుదిట్టం చేయడానికి పండితులకు దొరికిన గట్టి ఆధారాల్లో అదొకటి. ఏ రాజు పేరూ లేని 60 మాటల వరుస, రాజుల లెక్క అందించలేని కొలతను అందించింది.

రాజు పోయినా లెక్క ఆగకూడదన్న తెలివి మరో దిక్కు నుంచి వచ్చింది. క్రీ.శ. 78తో మొదలైన శకాన్ని పశ్చిమ భారతంలో క్షత్రపులు, ఒకరి తర్వాత ఒకరు, అంకెను మళ్లీ ఒకటికి దించకుండా కొనసాగించారు. ఆరంభించింది కనిష్కుడా, చష్టనుడా అన్న వాదం ఇంకా ఉంది. బాదామిలో మొదటి పులకేశి శక 465లో, అంటే 543లో దాన్ని వాడాడు. వేంగి చాళుక్యులు చాలాకాలం తమ ఏలుబడి ఏళ్లనే చెప్పుకున్నా, పదో శతాబ్దానికి రెండో అమ్మరాజు పట్టాభిషేకం శక 867 అని శాసనాలకెక్కింది. రాజరాజ నరేంద్రుడిది శక 944, గురువారం. సీజర్ లెక్కలో అది 1022 ఆగస్టు 16. వారం సరిగ్గా సరిపోతుంది. శాలివాహన శకం అన్న పేరు ఆ తర్వాతి కాలంలో అంటుకున్నదే. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు రోజూ ఆ పేరు తలుచుకుంటున్నాం గానీ, శాతవాహనులెవరూ తమ శాసనాల్లో ఈ శకాన్ని వాడలేదు.

ఇక్కడే రోమ్‌కూ మనకూ దారులు వేరయ్యాయి. ఏళ్ల లెక్క మన రాజుల చేతిలో ఉంది, నెలల లెక్క ఎన్నడూ లేదు. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటే నెలకు ఆ పేరు. సంక్రాంతి పడని చాంద్రమాసమే అధికమాసం. రాజు కోరినా వాయిదా పడదు, వద్దన్నా ఆగదు. పంచాంగకర్త గణితం కట్టి చెప్పాల్సిందే, రాజు దాని ప్రకారం పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టించుకోవాల్సిందే. కాకతీయులు, రెడ్డి రాజులు, గజపతులు, రాయలు ఇంతమంది ఈ నేలను ఏలినా పన్నెండు నెలల్లో ఒక్కదానికీ రాజు పేరు లేదు. పైగా ఉగాది పంచాంగ శ్రవణంలో ఆ ఏటికి రాజెవరో చెబుతారు. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతి రాజు, మేష సంక్రాంతి వారానికి అధిపతి మంత్రి. రోమన్లు ఏడాదిని ఇద్దరు కాన్సుల్స్ పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. మన పంచాంగం ఆ కుర్చీలో గ్రహాలను కూర్చోబెట్టింది.

రైతుకు ఇది కూడా దూరపు మాటే. చాంద్రమాన తిథులు ఏటేటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. విత్తనం వేయాల్సినవాడు అలా జరిగేదాన్ని నమ్ముకోలేడు. అందుకే కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులే ఒక కార్తె. రోహిణి కార్తె ఎండలు, జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. ఇది అచ్చమైన సూర్యమానం. సీజర్ ఆజ్ఞతో తెచ్చినదాన్ని మన సేద్యగాళ్లు ఆజ్ఞ లేకుండానే నోటి మాటగా నడుపుకొచ్చారు.

గోల్కొండ సుల్తానుల నాటికి హిజ్రీ వచ్చింది. పదిహేడో శతాబ్దపు మచిలీపట్నంలో తేదీల పరిస్థితి వింతగా ఉండేది. డచ్చివాళ్లు గ్రెగరీ సవరించిన తేదీ రాసేవారు. 1611లో వచ్చిన ఇంగ్లీషువాళ్లు, పోప్ మాట మాకెందుకని, పాత జూలియన్ తేదీనే పట్టుకున్నారు. ఒకే రేవులో ఒకే రోజున రెండు కొఠీల చిట్టాల మధ్య పది రోజుల తేడా, 1700 తర్వాత పదకొండు. అది 1752 సెప్టెంబరు దాకా తెగలేదు. ఆ నెల 2వ తేదీ తర్వాత ఇంగ్లీషువాళ్లు నేరుగా 14 రాశారు.

హిజ్రీ ఏడాది 354 రోజులే కావడంతో శిస్తు వసూలుకు పనికిరాలేదు. పంట ఒకటే, పన్ను ఏడాది మాత్రం ముందుకు పరిగెడుతుంది. అందుకే అక్బరు కాలంలో పంటలను బట్టి ఫసలీ పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో దాన్ని జూలై 1 నుంచి మొదలయ్యేలా ఖాయం చేశారు. ఎడ్లపాడు తహసీల్దారు కార్యాలయంలోనైనా, మరెక్కడైనా అడంగల్ మీద ఆ అంకె చూడవచ్చు. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అక్బరు ఏడాది సీజర్ నెలలో మొదలవుతుందన్నమాట. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆర్థిక సంవత్సరం 1867లో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టింది.

స్వతంత్ర భారతంలో కూడా పాలకులు ఒక ప్రయత్నం చేశారు. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడ్డ సంఘం దేశంలోని పంచాంగాలన్నిటినీ పరిశీలించింది. దాని ఫలితంగా 1957 మార్చి 22ను 1879 చైత్రం 1గా తీసుకుని జాతీయ క్యాలెండరు ప్రారంభమైంది. గణితపరంగా అది నిర్దుష్టమైనది. గెజెట్ మీద కనిపించింది, ఆకాశవాణి వార్తల్లో వినిపించింది. అయితే కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు కార్తీక అమావాస్య నుంచే మొదలవుతాయి. కోటప్పకొండకు ప్రభలు మాఘ బహుళ చతుర్దశికే కదులుతాయి. ప్రభుత్వమే ఆ రోజులు చూసి బస్సులు వేస్తుంది. పండుగ రోజును ఆజ్ఞతో మార్చలేమని ఇక్కడి పాత రాజులు గ్రహించినట్టే సాహా సంఘం తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ గ్రహించాయి. అది మంచిదే అనుకుంటాను.

ఒక విన్నపం. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో దస్తావేజులు, శిస్తు రసీదులు, పాత పంచాంగాలు ఇంకా ఉన్నాయి. వాటిమీద తరచూ తెలుగు సంవత్సరం పేరు, తిథి, ఇంగ్లీషు తేదీ, ఫసలీ పక్కపక్కనే రాసి ఉంటాయి. ఇన్ని లెక్కలు ఒకే కాగితం మీద కలిసే చోటు మరెక్కడా దొరకదు. ఇల్లు దులిపేటప్పుడు వాటిని పారేయకండి. చదవగలిగిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఊళ్లో బడి పిల్లల చేత ఆ తేదీలు రాయించి పెట్టండి.