సైకిల్‌ తొక్కడానికి ట్రాఫిక్‌ లేని పల్లె రోడ్డు కావాలా? ఎలా వెతకాలి, ఏం చూసుకోవాలి?

కొత్త సైకిల్‌ కొన్నారు. ఆదివారం తెల్లవారుజామునే లేచి ఊరి బయటకు బయల్దేరారు. సిటీ దాటేసరికి హైవే మీద పడ్డారు. పక్క నుంచి టిప్పర్‌ దూసుకెళ్తే హ్యాండిల్‌ వణికింది. నాలుగు వారాలు తిరిగేసరికి సైకిల్‌ బాల్కనీకి చేరింది. చాలామంది విషయంలో జరిగేది ఇదే.

అయితే హైవే నుంచి కాస్త పక్కకు తిరిగితే చాలాసేపు ఒక్క బండి కూడా ఎదురుపడని తారు రోడ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అవి ఎక్కడుంటాయో తెలియాలంటే ముందు ఆ రోడ్డు ఎందుకు వేశారో తెలియాలి.

సైకిళ్ల కోసమే వేసిన దారి లేదా?

ఉంది, కానీ పల్లెల్లో కాదు. హైదరాబాద్‌లో ఔటర్‌ రింగ్‌ రోడ్డు పక్కన సోలార్‌ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్‌ ట్రాక్‌ 2023 అక్టోబర్‌ 1న ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్‌ అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మరో భాగం. వెడల్పు 4.5 మీటర్లు. కొత్తగా తొక్కేవాళ్లు, పిల్లలు అలవాటు చేసుకోవడానికి ఇది మంచి చోటు. ఔటర్‌ ప్రధాన రోడ్డు మీదకు మాత్రం సైకిళ్లకు అనుమతి లేదు.

పొలాల మధ్య తొక్కాలంటే మాత్రం మామూలు గ్రామీణ రోడ్లనే ఎంచుకోవాలి.

ఏ రోడ్డు ఎలాంటిది?

మన రోడ్లు ప్రధానంగా ఐదు రకాలు. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు. కిలోమీటరు రాయి పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ రంగులో ఉంటే రాష్ట్ర రహదారి. ఈ రెండు రంగులు కనిపిస్తే అది మీరు వెతుకుతున్న రోడ్డు కాదు.

చెట్ల నీడ చూసి కూడా మోసపోవద్దు. హైదరాబాద్‌ అప్పా జంక్షన్‌ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వెళ్లే దారి పెద్ద పెద్ద మర్రిచెట్లతో ఫొటోల్లో ఎంతో అందంగా ఉంటుంది. కానీ అది 163వ నంబర్‌ జాతీయ రహదారి. బస్సులు, టిప్పర్లు ఆగకుండా తిరుగుతాయి.

సైకిల్‌కు పనికొచ్చేవి చివరి రెండు రకాలు. వీటిలో చాలా రోడ్లను ప్రధానమంత్రి గ్రామ సడక్‌ యోజన కింద వేశారు. రోడ్డు మొదట్లో పథకం పేరు, రోడ్డు పేరు, పొడవు, కాంట్రాక్టర్‌ వివరాలతో బోర్డు ఉంటుంది.

ఏ రోడ్డు ఖాళీగా ఉంటుంది?

గ్రామ సడక్‌ యోజన 2000 డిసెంబర్‌ 25న మొదలైంది. రోడ్డే లేని ఊళ్లకు అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు ఒక్కటైనా ఉండాలన్నది తొలి దశ లక్ష్యం. మైదాన ప్రాంతాల్లో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఊళ్లను లెక్కలోకి తీసుకున్నారు. అలా వేసిన రోడ్లలో చాలావరకు పెద్ద రోడ్డు నుంచి బయల్దేరి ఆ ఊళ్లోనే ఆగిపోతాయి. అక్కడ పని ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ ఆ దారిన రారు. మీకు కావాల్సింది అలాంటి రోడ్డే.

2013లో మొదలైన రెండో దశ, 2019లో ఆమోదం పొందిన మూడో దశ వేరు. ఊళ్లను దాటుకుంటూ మార్కెట్లకు, హైస్కూళ్లకు, ఆస్పత్రులకు వెళ్లే రోడ్లను బాగుచేయడం వీటి ఉద్దేశం. అవి నున్నగా ఉంటాయి కానీ రద్దీ కూడా ఎక్కువే.

కాబట్టి మ్యాప్‌ తెరిచి మొదట చూడాల్సింది ఆ రోడ్డు ఎక్కడ ముగుస్తుందో. రెండు చివర్లూ పెద్ద రోడ్లకే కలిస్తే అది షార్ట్‌కట్‌. బండ్లు వస్తాయి. ఒక చివర ఊరితోనో చెరువుతోనో ఆగిపోతే ప్రశాంతంగా ఉంటుంది. వెళ్లిన దారినే తిరిగి రావాలన్నది ఒక్కటే ఇబ్బంది.

శాటిలైట్‌ వ్యూలో ఇవి కూడా చూడండి

• క్వారీ, క్రషర్‌, ఇసుక రీచ్‌, ఇటుక బట్టీ దగ్గర్లో ఉంటే ఆ రోడ్డు వదిలేయండి. అది చిన్న రోడ్డే అయినా టిప్పర్లు వస్తాయి.
• టోల్‌ప్లాజా పక్క ఊరి రోడ్లు వద్దు. టోల్‌ తప్పించుకునే బండ్లు అటే మళ్లుతాయి.
• కాలువ గట్టు దారులు నీటిపారుదల శాఖవి. అన్నిచోట్లా అందరికీ అనుమతి ఉండదు. ఉన్నచోట కూడా అంచున రెయిలింగ్‌ ఉండదు కాబట్టి చీకట్లో వెళ్లొద్దు.
• రిజర్వ్‌ ఫారెస్ట్‌లోకి వెళ్లే దారి అయితే ముందుగా అటవీ శాఖను అడగండి.

ఏ నెలలో ఏం ఉంటుంది?

వానాకాలం పంట కోతలప్పుడు, అంటే నవంబర్‌, డిసెంబర్‌లలో, మళ్లీ యాసంగి కోతలప్పుడు ఏప్రిల్‌, మే నెలల్లో చాలా ఊళ్లలో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యంతో నిండిపోతుంది, అంచుల్లో రాళ్లు పెడతారు. వడ్ల మీద చక్రం జారుతుంది. అది రైతు ఏడాది కష్టం కూడా. దిగి నడిపించుకుంటూ వెళ్లండి. గడ్డి మీదుగా తొక్కితే చైన్‌కు చుట్టుకుంటుంది. చెరకు పండే ప్రాంతాల్లో చలికాలం గానుగ సీజన్‌లో లోడు ట్రాక్టర్లు తిరుగుతాయి. పొగమంచు ఉంటే వెలుగు వచ్చేదాకా ఆగి బయల్దేరండి.

ఖాళీ రోడ్డు అంటే భయం లేదనేనా?

కాదు. గ్రామ సడక్‌ రోడ్డు మీద తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. రద్దీ మరీ తక్కువగా ఉన్నచోట 3 మీటర్లే. బస్సు ఒక్కటే సుమారు 2.5 మీటర్లు ఉంటుంది. అంటే అది వచ్చినప్పుడు మీకు దాదాపు చోటు మిగలదు. ముందే ఆగి మట్టి అంచుకు దిగడమే మంచిది. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి వెనక ఒకరు తొక్కండి. ఖాళీ రోడ్డు మీద బైకులు వేగంగా వస్తాయి. మలుపుల్లో పూర్తిగా ఎడమవైపే ఉండండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్‌ తప్పనిసరి అనుకోండి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడవండి. కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ రేబిస్‌ టీకా ఉచితం.

ప్రమాదం జరిగితే?

108కు గానీ 112కు గానీ ఫోన్‌ చేయండి. మీరున్న చోటు చెప్పడానికి దాటిన ఊరి పేరు, కిలోమీటరు రాయి గుర్తుపెట్టుకోండి. మోటారు వాహనం ఢీకొంటే సైకిల్‌ మీద ఉన్నవాళ్లకూ ఈ హక్కులు వర్తిస్తాయి.

• 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా నగదు చెల్లించకుండా చికిత్స పొందవచ్చు.
• ఢీకొట్టిన బండి ఆగకుండా వెళ్లిపోయి, దాన్ని గుర్తించలేకపోతే తీవ్ర గాయాలకు రూ.50 వేలు, మరణిస్తే కుటుంబానికి రూ.2 లక్షల పరిహారం. దరఖాస్తును ఆర్డీవో లేదా తహసీల్దార్‌ ఆఫీసులో ఇవ్వాలి.
• సాయం చేసినవాళ్లను పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్‌ వారికి రక్షణ ఇస్తుంది. ఊరివాళ్లు దగ్గరికి రావడానికి భయపడితే ఈ మాట చెప్పండి.

రోడ్డు గుంతలు పడితే ఎవరికి చెప్పాలి?

గ్రామ సడక్‌ రోడ్డును పూర్తయ్యాక 5 ఏళ్లపాటు బాగుచేయాల్సిన బాధ్యత వేసిన కాంట్రాక్టర్‌దే. గడువు బోర్డు మీద చూసుకోవచ్చు. ‘మేరీ సడక్‌’ యాప్‌లో గుంత ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి. మిగతా గ్రామీణ రోడ్లకు పంచాయతీరాజ్‌ ఇంజినీరింగ్‌ విభాగం, రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లకు రోడ్లు, భవనాల శాఖ బాధ్యత వహిస్తాయి.

మీకు ఆ రోడ్డు వారానికి ఒక ఉదయం మాత్రమే. ఆ ఊళ్లో బడికి సైకిల్‌ మీద వెళ్లే పిల్లలకు, పాల క్యాన్లు మోసుకెళ్లేవాళ్లకు రోజూ అదే దారి. మీరు రెండు నిమిషాలు ఆగి పెట్టే ఫిర్యాదు వాళ్లకూ పనికొస్తుంది.