అద్దములోని గ్రంథాలయములు

ఒక గ్రంథమునకు ప్రతి వ్రాసికొనుట శ్రమతో కూడిన పనియే గాని, చిక్కైన పని కాదు. మూలమును ఎదుట పెట్టుకొని మొదటినుండి చివరి వరకు వ్రాసినచో ప్రతి సిద్ధమగును. కాని ఆ మూలమే దినదినము మారుచున్నచో? నేడు రెండు పుటలు చేరి, రేపు ఒక పుట తొలగి, ఎల్లుండి నడుమ ఒక పంక్తి దిద్దబడినచో? పైగా ఆ మూలము వేల మైళ్ల దూరమున నున్నచో, మన ప్రతిని దానితో సమానముగా నిలుపుట ఎట్లు?

ఒక వెబ్‌సైటునకు గాని, ఫైళ్ల భాండారమునకు గాని మరియొక చోట ఉంచిన పూర్తి ప్రతిని మిర్రరు, అనగా అద్దము, అందురు. పేరు అందముగనే యున్నది గాని కొంత మోసపుచ్చునది. ఎదుటి వస్తువు కదలినప్పుడు అద్దములోని బింబము తనంత తానే కదలును. మిర్రరును మాత్రము ఎవరో ఒకరు రోజూ కదపుచుండవలెను. దాని చరిత్ర యంతయు ఈ కదపుట యను పని చుట్టును తిరిగినది.

ఈ కథకు పునాది 1971లో పడెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచున్న అభయ్ భూషణ్ అను భారతీయుడు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ఫైళ్లను పంపుటకు కావలసిన నియమావళిని వ్రాసి ఆ సంవత్సరము ఏప్రిలులో ప్రకటించెను. కాన్పూరు ఐ.ఐ.టి. నుండి పట్టము పొందిన మొదటి జట్టులోనివాడాతడు. ఎఫ్.టి.పి. అను పేరుతో ప్రసిద్ధమైన ఈ నియమావళి ఆధారముగా, తరువాతి కాలమున విశ్వవిద్యాలయములు తమ కంప్యూటర్లలో ఫైళ్ల భాండారములను తెరచి, ఎవరైనను పేరు చెప్పకయే వచ్చి కావలసినది తీసికొనిపోవచ్చునని అనుమతించినవి.

ఖండములను కలుపు తంత్రులు ఆ రోజులలో చాల సన్నని దారులు. లండనులో నూరుమంది విద్యార్థులకు అమెరికాలోని ఒకే ఫైలు కావలసినచో, అది నూరుసార్లు అట్లాంటిక్ సముద్రమును దాటవలసివచ్చెడిది. నూరు ఇండ్లవారు ఊరి వెలుపలి చెరువునకు పోయి నూరు బిందెలు మోసికొని వచ్చుట వంటిదే ఇది. రాత్రివేళ, దారి ఖాళీగా ఉన్నప్పుడు, ఆ ఫైలును ఒక్కసారి తెచ్చి ఊరిలోని తొట్టిలో పోసినట్లు స్థానికమైన కంప్యూటరులో ఉంచినచో, పగలు అందరును అక్కడనే ముంచుకొందురు. లండనులోని ఇంపీరియల్ కళాశాలలో లీ మక్లాక్లిన్ ఈ పనికై ఒక ప్రోగ్రాము వ్రాసి, దానికి మిర్రరు అనియే పేరు పెట్టెను. అది మూలస్థానమునకు పోయి అక్కడి ఫైళ్ల పట్టికను తెచ్చును; ప్రతి ఫైలు పరిమాణమును, తేదీని తన పట్టికతో సరిచూచును; మారినవానిని మాత్రము తెచ్చును; అక్కడ లేనివానిని ఇక్కడ తుడిచివేయును.

ఈ చివరి పని చూచుటకు సులభము, చేయుటకు ప్రమాదము. మూలస్థానములో ఒక రాత్రి డిస్కు చెడి, పట్టిక ఖాళీగా వచ్చినదనుకొందము. మాట జవదాటని మిర్రరు ఏమి చేయును? అక్కడ ఏమియు లేదు గనుక ఇక్కడను అన్నిటిని తుడిచివేయును! మూలము నశించిన ఆ గడియలోనే, అత్యవసరమైన ఆ ప్రతియు నశించును. అందుచేత అనుభవజ్ఞులు ఒక్కసారికి ఇన్ని ఫైళ్లకంటె ఎక్కువ తుడువరాదని హద్దు పెట్టుదురు. ఆ హద్దు దాటినచో ప్రోగ్రాము ఆగిపోవును. మనుష్యుడు వచ్చి చూడవలెను.

మూలము నిజముగనే మూతపడిన సందర్భములు కలవు. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ అను అమెరికా సైనిక క్షిపణి పరీక్షా కేంద్రములో సిమ్‌టెల్-20 అను కంప్యూటరు ఉండెడిది. చిన్న కంప్యూటర్లకు ఉపయోగపడు ఉచిత ప్రోగ్రాములకు అది పేరుపడిన భాండారము. 1993లో దానిని మూసివేసిరి. కాని అప్పటికే సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయము మొదలగు చోట్ల దాని మిర్రరులు ఉండుటచే, ఆ సొత్తు మాయమైపోలేదు.

మనదేశమున దారి ఇంకను సన్ననిది. విద్యా పరిశోధన సంస్థలకై ఎర్నెట్ 1986లో ప్రారంభమైనను, సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించెను. నాటి టెలిఫోను కనెక్షనులో సెకనుకు 9,600 బిట్లు పోవుటయే గొప్ప. పది లక్షల బైట్లు, అనగా 80 లక్షల బిట్లు గల ఫైలు రావలెనన్న 833 సెకనులు, సుమారు 14 నిమిషములు పట్టును. ఆ ఫైలులో ఒక్క పంక్తి మారినచో మరల 14 నిమిషములు! మారినది ఒక్క పంక్తియే అయినప్పుడు ఫైలంతయు ఎందుకు తేవలెను?

ఆస్ట్రేలియా కూడ దూరపు దేశమే. అక్కడి కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయమున ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ అను ఇరువురు 1996 జూనులో ఈ చిక్కునకు ఒక సమాధానము ప్రకటించిరి. దాని పేరు ఆర్‌సింక్. చిక్కు ఏమనగా, రెండు ప్రతులలోని తేడా తెలియవలెనన్న రెండును ఒకచోట ఉండవలెను. రెండును ఒకచోట చేర్చవలెనన్న ఫైలంతయు పంపవలెను. ఫైలంతయు పంపిన తరువాత తేడా తెలిసి ప్రయోజనమేమి?

వారి యుక్తి ఇది. మిర్రరు తన పాత ఫైలును వేయి బైట్ల ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు ఒక గుర్తును లెక్కకట్టి, ఆ గుర్తులను మాత్రమే మూలస్థానమునకు పంపును. మూలస్థానము తన కొత్త ఫైలులో ఆ గుర్తులు గల ముక్కలు ఎక్కడ ఉన్నవో వెదకును. దొరికినచోట్ల “నీయొద్దనున్న ఫలానా ముక్క” అని చెప్పి ఊరకుండును. దొరకని భాగమును మాత్రము పంపును. కాని ఒక కష్టము కలదు. కొత్త ఫైలు మొదట ఒక్క అక్షరము చేరినను తరువాతివన్నియు ఒక్కొక్క స్థానము జరుగును. ముక్కల సరిహద్దులు తప్పిపోవును. కావున ప్రతి బైటు వద్దనుండియు వేయి బైట్లు తీసి గుర్తు కట్టి చూడవలెను. ఇది పది లక్షల సార్లు వేయేసి సంఖ్యలను కూడుట!

ఇక్కడ విద్యార్థులు కాగితము మీద చేసి చూడదగిన చిన్న లెక్క కలదు. ముక్కకు నాలుగు సంఖ్యలే అనుకొందము: 3, 7, 2, 5. వీని మొత్తము 17. తరువాతి సంఖ్య 6. ఒక స్థానము జరిగినచో ముక్క 7, 2, 5, 6 అగును. దీని మొత్తమునకు మరల కూడనక్కరలేదు. 17లో పోయిన 3 తీసివేసి, వచ్చిన 6 కలిపినచో 20. అయితే 7, 3, 2, 5 అని వరుస తారుమారైనను మొత్తము 17 వచ్చును గదా! అందుచే రెండవ మొత్తము ఒకటి కట్టుదురు: మొదటి సంఖ్యను 4తో, రెండవదానిని 3తో, మూడవదానిని 2తో, నాల్గవదానిని 1తో గుణించి కూడుట. మొదటి ముక్కకు 12 + 21 + 4 + 5 = 42. తారుమారైన ముక్కకు 46 వచ్చును గనుక తేడా తెలిసిపోయినది. జరిగినప్పుడు ఈ రెండవ మొత్తమును కూడ మొదటినుండి కట్టనక్కరలేదు. 42లో 4 × 3 తీసివేసి, కొత్తగా వచ్చిన మొదటి మొత్తము 20 కలిపినచో 50. కావలెనన్న 28 + 6 + 10 + 6 కూడి చూచుకొనవచ్చును. ముక్క ఎంత పెద్దదైనను ఒక స్థానము జరుగుటకు ఈ కొద్దిపాటి పనియే.

ఈ రెండు మొత్తములను కలిపి నాలుగు బైట్లలో ఇమిడ్చిరి. ఇట్టి తేలిక గుర్తు అరుదుగా వేరువేరు ముక్కలకు ఒకటే కావచ్చును. కావున అది సరిపడినచోట మాత్రము పదునారు బైట్ల గట్టి గుర్తును కట్టి మరల పరీక్షింతురు. వేయి బైట్ల ముక్కకు 20 బైట్ల గుర్తులు. పది లక్షల బైట్ల ఫైలునకు 20,000 బైట్లు. పై కనెక్షనులో ఇవి పోవుటకు 17 సెకనులు, ఆపైన మారిన పంక్తికి మరికొంచెము. 14 నిమిషముల పని అంతలో ముగిసినది. కూడిక, తీసివేత, గుణకారము తప్ప ఆ మొదటి గుర్తులో వేరు గణితము లేదు.

ఈ ప్రతుల వలన ఎవరికి మేలు కలిగినదో చూచుటకు చెన్నై దాక పోయిన చాలును. భౌతికశాస్త్రజ్ఞులు తమ వ్యాసములను అచ్చుకు ముందే ప్రతులు తీసి స్నేహితులకు టపాలో పంపుకొనెడివారు. పెద్ద విశ్వవిద్యాలయములకు అవి ముందుగా చేరెడివి. దూరపువారికి ఆలస్యముగా చేరెడివి, కొందరికి చేరనే చేరెడివి కావు. 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ ఇట్టి వ్యాసములకు కంప్యూటరు భాండారమును ప్రారంభించెను. ఆర్కైవ్ అను పేరుతో ప్రసిద్ధి చెందిన ఆ భాండారము 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు మారెను. దానికి పలు దేశములలో మిర్రరులు ఏర్పడగా, మనదేశపు మిర్రరును 1962లో అల్లాడి రామకృష్ణన్ స్థాపించిన చెన్నై గణితశాస్త్ర సంస్థలో నెలకొల్పిరి. సముద్రములు దాటకయే మన పరిశోధకులు ఆ వ్యాసములను చదువగలిగిరి.

అడుగకుండ ప్రతి తీయుట మాత్రము మర్యాద కాదు. ఒక ప్రోగ్రాము నిమిషమునకు వందల పుటలు లాగుచుండినచో మూలస్థానమునకు వచ్చిన ఇతర పాఠకులు నిలిచిపోవుదురు. అందుకే 1994లో మార్టిన్ కోస్టర్ ఒక ఒప్పందమును సూచించెను. వెబ్‌సైటు వాకిట robots అను అర్థము గల “రోబోట్స్” పేరుతో ఒక చిన్న ఫైలు ఉండును. ప్రోగ్రాములు ఎక్కడికి పోరాదో అందు వ్రాసియుండును. దానిని పాటించుట, రాత్రివేళ తెచ్చుకొనుట, ఒక్కొక్క ఫైలునకు నడుమ కొంత వ్యవధి ఇచ్చుట, అన్నిటికంటె ముందు యజమానిని అడుగుట మిర్రరు పెట్టువారి సంప్రదాయము.

మిర్రరును చదువువారికిని ఒక భయము కలదు. ఈ ప్రతి నమ్మదగినదేనా? 2008లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు లేని సంస్థ పేరుతో ఒక కంప్యూటరును అద్దెకు తీసికొని, ఐదు ప్రసిద్ధ లినక్సు సంస్థలకు మిర్రరు నడుపుదుమని కోరిరి. ఐదును అంగీకరించినవి! వేలకొలది కంప్యూటర్లు వచ్చి ఆ మిర్రరును అడిగినవి. ఫైళ్లపై మూలస్థానపు సంకేత ముద్ర ఉన్నచో మిర్రరువాడు అక్షరమైన మార్చలేడు, నిజమే. కాని వాడు దేనిని మార్చకయే, లోపము బయటపడిన పాత ఫైలునే ముద్రతో సహా ఎల్లకాలము ఇచ్చుచుండవచ్చును. దీనికి విరుగుడుగా, ఈ పట్టిక ఫలానా తేదీ వరకే చెల్లునని పట్టికలోనే వ్రాసి ముద్రవేయుట డెబియన్ మొదలగు సంస్థలలో ఆచారమైనది.

తంత్రులు వెడల్పైన తరువాత పరిశోధనశాలలకు మిర్రరుల అవసరము తగ్గినది గాని, కనెక్షను లేని పాఠశాలలకు తగ్గలేదు. 2007లో ప్రారంభమైన కివిక్స్ అను ఉచిత ప్రోగ్రాము వికీపీడియా మొత్తమును ఒకే ఫైలుగా చదువనిచ్చును. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాకును అట్టి ఫైలు కలదు. దానిని ఒకసారి పట్టణములో దింపుకొని పాఠశాల కంప్యూటరులో ఉంచినచో, ఇంటర్నెట్టు లేకయే తరగతి యంతయు చదువుకొనవచ్చును. ప్రతి తయారైన సంవత్సరము, నెల ఆ ఫైలు పేరు చివరనే ఉండును. ఉపాధ్యాయుడు తెరచుటకు ముందు చూడవలసినది అదియే.