బొగ్గుకొండల లాగర్

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు తూర్పు భాగంలో, ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు దొరికే కొండల నడుమ పాట్స్‌విల్ పట్టణం ఉంది. ఆ చుట్టుపక్కల బారులో కూర్చున్నవారు ‘లాగర్’ అని ఒక్క మాట అంటే చాలు, ఏ కంపెనీది అన్న ప్రశ్న లేకుండా యింగ్లింగ్ బ్రూవరీవారి బీరు బల్ల మీదికి వస్తుంది. లాగర్ అనేది నిజానికి ఒక సరుకు పేరు కాదు, ఒక జాతి పేరు. ప్రపంచం తాగే బీరులో అత్యధిక భాగం ఆ జాతిదే. అంతటి జాతి పేరు ఒక ప్రాంతంలో ఒకే ఒక్క సరుకుకు, అదీ దిగుమతి బీర్ల కన్నా తక్కువ ధరకు దొరికే సరుకుకు సొంతమైపోయిన తీరు తెలియాలంటే, సీసాలోని పానీయాన్ని రుచి చూడడంతో పాటు సీసా మీది చీటీని కొంత అనుమానంతో చదవవలసి ఉంటుంది.

బీరు తయారీలో మొదటి పని ధాన్యాన్ని మొలకెత్తించి ఆరబెట్టడం. తెలుగు ఇళ్లలో రాగులతో మాల్ట్ చేసే పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ రాగుల బదులు బార్లీ వాడతారు. ఆ మాల్ట్‌ను వేడినీటిలో నానబెట్టగా దిగిన తియ్యని ద్రవాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడతారు. వెచ్చదనంలో త్వరగా పనిచేసి పైకి తేలే ఈస్ట్‌తో తయారయ్యేది ఏల్. చల్లదనంలో మెల్లగా పనిచేసి అడుగుకు దిగే ఈస్ట్‌తో పులిసి, ఆపైన దాదాపు గడ్డకట్టేంత చలిలో వారాల తరబడి నిలవ ఉండి తేరుకునేది లాగర్. జర్మన్ భాషలో ఆ మాటకు నిలవచేసే చోటు అనే అర్థం ఉంది. తాటికల్లు చెట్టు దిగకముందే పులవడం మొదలై, పొద్దెక్కేకొద్దీ పుల్లబడి, సాయంత్రానికి తాగేవారిని వెతుక్కోవలసిన స్థితికి వస్తుంది. లాగర్‌కు మాత్రం తొందరపడితేనే నష్టం.

జర్మనీలోని వుర్టెంబర్గ్ సీమ నుంచి వలస వచ్చిన డేవిడ్ యుంగ్లింగ్ 1829లో పాట్స్‌విల్‌లో ఈగిల్ బ్రూవరీని స్థాపించాడు. ఇంగ్లీషు నాలుకకు అనువుగా అతని ఇంటిపేరు యింగ్లింగ్‌గా మారింది. 1831లో ఆ కట్టడం అగ్నికి ఆహుతి కాగా, మహంటాంగో వీధిలో కొండవాలున మళ్లీ కట్టి, మండు వేసవిలో కూడా చల్లదనం తగ్గని సొరంగాలను ఆ కొండలోకే చేతిపనిముట్లతో తొలిచారు. బొగ్గు కోసం రోజూ కొండలు తవ్వే ఊళ్లో బీరు కోసం మరో కొండ తవ్వడం ఎవరికీ వింతగా తోచి ఉండదు. అయితే ఆ తొలి సంవత్సరాల్లో అక్కడ తయారైనవి ఏల్, పోర్టర్ అనే నల్లని బీరు మాత్రమే. లాగర్ ఈస్ట్‌ను జాన్ వాగ్నర్ అనే బవేరియా వాసి ఫిలడెల్ఫియాకు తెచ్చింది 1840 ప్రాంతంలో అని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. కనుక అమెరికాలో అతి పాత బ్రూవరీ అని చీటీ చెప్పుకునే గొప్ప ఆ సంస్థకు చెల్లుతుంది గాని, సీసాలోని బీరుకు చెల్లదు.

అమెరికన్ లాగర్ పలచనగా ఉంటుందని, అందులో మొక్కజొన్న కలిపి డబ్బు మిగుల్చుకుంటారని ఒక నింద చిరకాలంగా ఉంది. ఇందులో సగమే నిజం. అమెరికాలో విరివిగా పండిన బార్లీ, కంకికి ఆరు వరసల గింజలుండే రకం. అందులో మాంసకృత్తులు ఎక్కువ కావడంతో దానితో మాత్రమే చేసిన బీరు మసకబారేది. మొక్కజొన్న రవ్వనో బియ్యాన్నో విడిగా ఉడికించి మాల్ట్‌లో కలిపితే ఆ మాంసకృత్తుల పాలు తగ్గి బీరు తేటగా వస్తుందని ఆంటన్ ష్వార్జ్ వంటి నిపుణులు 1860ల చివర నుంచి ప్రచారం చేశారు. పొదుపు తరవాత వచ్చి చేరిన లాభమే గాని, మొదటి కారణం ఆ నేల పంట.

1920లో మద్యనిషేధం వచ్చినప్పుడు సొరంగాలకు ఇటుక గోడలు అడ్డుకట్టి మూసివేశారు. యింగ్లింగ్ కుటుంబం అర శాతానికి మించని మద్యంతో ‘నియర్ బీర్’ అనే బీరులాంటి పానీయం తయారు చేస్తూనే, వీధికి ఆవలి వైపు పాలకేంద్రం పెట్టి ఐస్‌క్రీం అమ్ముకుంది. 1933లో నిషేధం తొలగినప్పుడు ‘విన్నర్ బీర్’ పేరుతో ఒక లారీ సరుకును అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు కానుకగా పంపింది. అసలు గండం ఆ తరవాతిదే. 1873లో అమెరికాలో నాలుగు వేలకు పైగా ఉన్న బ్రూవరీలు, దేశమంతటికీ ఒకే బీరు అమ్మే పెద్ద కంపెనీల ధాటికి 1970ల చివరికి వందకు లోపు పడిపోయాయి. గనులు మూతపడుతుంటే పాట్స్‌విల్‌లో బీరు కొనే కూలీలూ తగ్గారు.

కుటుంబంలో అయిదో తరానికి చెందిన డిక్ యింగ్లింగ్ 1985లో సంస్థను తండ్రి దగ్గర కొని, 1987లో ‘ట్రెడిషనల్ లాగర్’ను బజారులోకి తెచ్చాడు. సంప్రదాయం అనే మాటను నొసటికి అతికించుకున్న ఈ బీరు ఈ రూపంలో అప్పటిదే. గాజు గ్లాసులో పోస్తే పలచని టీ డికాక్షన్‌ను వెలుతురుకు పట్టినట్టు రాగిరంగు తేలుతుంది. తెల్లని నురగ లేచి ఎక్కువసేపు నిలవకుండా కుంగిపోతుంది. మొదటి గుక్కలో పాకం ముదురుతున్న బెల్లాన్ని తలపించే తీపి తగులుతుంది. అది కేరమెల్ మాల్ట్ అనే కాస్త మాడిన రకం మాల్ట్ వల్ల వచ్చినది. దాని వెనుక మొక్కజొన్న మెత్తదనం, చివరన హాప్స్ చేదు లీలగా తెలుస్తాయి. మద్యం 4.5 శాతం. గ్లాసు వేడెక్కనిస్తే తీపి ఒక్కటే మిగిలి వెగటు పుట్టే మాట నిజమే గాని, పని దిగి వచ్చినవారి ముందు గ్లాసు అంతసేపు నిలిచేది కాదు.

1999లో సంస్థ ఫ్లోరిడాలోని టాంపాలో మరొక బ్రూవరీని కొన్నది. అక్కడ తొలవడానికి కొండలు లేవు. బీరును చల్లగా నిలవ ఉంచే పని ఉక్కు తొట్లూ శీతలయంత్రాలే చేస్తాయి. పాట్స్‌విల్ సొరంగాల్లోనూ ఇప్పుడు బీరు నిలవ ఉండదు. చూడవచ్చినవారు తలలు వంచుకుని లోపలికి వెళ్లి, చెమ్మగిల్లిన రాతిని తడిమి, నిషేధకాలపు ఇటుక గోడలో మిగిలిన భాగం చూసి, పైకి వచ్చి తలా ఒక గ్లాసు రుచి చూసి వెళ్తారు.