మోటుపల్లి అభయశాసనము: రాజాధికారము, వర్తకుల విశ్వాసము

శాసనమనగా పాలకుడు పాలితులకు విధించు ఆజ్ఞ యని సామాన్యార్థము. పాలకుడు తన చేతిని తానే కట్టుకొని, ఆ సంగతిని పరదేశీయులకు చాటిన శాసనములు తఱచుగా కానరావు. కాకతి గణపతిదేవుడు శా. శ. 1166, అనగా క్రీ. శ. 1244-45లో మోటుపల్లి యందు వేయించిన అభయశాసనము అట్టిది. హుల్ట్జ్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను. నాటి నుండియు కాకతీయుల సముద్రవాణిజ్యమును గూర్చి వ్రాయు ప్రతివారును దీనిని పేర్కొనుచునే యున్నారు. అయితే వారిలో పెక్కుమంది దృష్టి ఇందలి సుంకముల పట్టికపై నిలిచినంతగా ఇందలి మాటల కూర్పుపై నిలువలేదు. పట్టిక కంటె ఆ మాటలే ఎక్కువ విషయమును చెప్పుచున్నవని నా తలంపు.

మోటుపల్లి చీరాలకు సమీపమున సముద్రతీరముననున్న గ్రామము. శాసనము దీనికి దేశ్యుయ్యక్కొండపట్టణమను నామాంతరమును చెప్పుచున్నది. ఆ పేరునందలి తమిళచ్ఛాయ ఈ రేవుకు దక్షిణదేశముతోగల పూర్వసంబంధమును స్ఫురింపజేయును. గణపతిదేవుడు (1199-1262) ఓరుగంటి ప్రభువు. ఓరుగల్లు సముద్రమునకు దూరమైన నగరము. వెలనాడు ఆయనకు వంశపారంపర్యముగా వచ్చినది కాదు, కత్తితో గెలిచినది. కనుక రేవునకు వచ్చు నావికవర్తకులకు ఆయన క్రొత్త దొర. క్రొత్త దొర యెట్టివాడో తెలియకుండ సరకు దింపుటకు ఏ వర్తకుడు సాహసించును? శాసనము పుట్టిన సందర్భమిది.

ఇక విషయమునకు వత్తము. సకల ద్వీపములనుండియు, దేశాంతరములనుండియు, పట్టణములనుండియు వచ్చుచు పోవుచుండు సముద్రవర్తకులను ఉద్దేశించి ఈ అభయము ఇయ్యబడినది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవు ఓడలు తుఫానులో చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినపుడు, వానియందలి ఏనుగులు, గుఱ్ఱములు, బంగారము, రత్నములు మున్నగు వస్తువులన్నిటిని పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరట. ప్రాణముకంటె ధనమే ప్రియమని తలంచి సముద్రయానమునకు తెగించిన వారియెడల దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును తాము నియతమైన సుంకము తప్ప తక్కిన సమస్తమును విడిచిపెట్టుచున్నామని రాజు చెప్పుచున్నాడు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకటి. పిమ్మట చందనము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు మున్నగువానికి వేర్వేఱుగా సుంకములు నిర్ణయింపబడినవి. పోకలకు లక్షకింతయని లెక్క.

అభయమను మాటను కొంచెము విచారింపవలెను. భయమును కలిగింపగలవాడే అభయమును ఈయగలడు. నిరాయుధుడిచ్చు అభయమునకు అర్థము లేదు. కావున ఈ మాటలో దయతోపాటు బలప్రకటనము కూడ ఇమిడియున్నది. మీ సొత్తును హరించు శక్తి మాకు కలదు, అయినను హరింపము, అని దీని తాత్పర్యము. ఇంకొక విశేషము. దోపిడి దోషమంతయు ‘పూర్వరాజుల’పై మోపబడినది. ఆ రాజులెవరో శాసనము చెప్పదు. అధికారము తన తప్పును తన నోట ఒప్పుకొనజాలదు. అయినను తప్పు జరుగుచుండెనని ఒప్పుకొనకపోయినచో అభయమునకు పని యుండదు. ఈ చిక్కునుండి లేఖకుడు మిక్కిలి నేర్పుగా తప్పించుకొన్నాడు. సముద్రవర్తకుని గూర్చి ప్రాణముకంటె ధనమును మిన్నగా ఎంచువాడనుటలో జాలి యెంత కలదో, చిన్నచూపు కూడ అంతయే కలదని నాకు తోచుచున్నది. అయినను వర్తకుడు ఆ మాటను పట్టించుకొనియుండడు. అతనికి కావలసినది ముప్పదింట ఒకటి యను మాట.

ఆ మాటలోనే ఈ విధానముయొక్క బలమంతయు ఉన్నది. పగిలిన ఓడ రాజునకు ఎప్పుడో ఒకప్పుడు దైవికముగా దొరకు నిధి. దానిని ఒకసారి దోచినచో ఆ వార్త రేవునుండి రేవునకు పాకి, క్షేమముగా రాదగిన ఓడలు కూడ వేఱొక తీరమునకు మరలును. నూటికి మూడుకంటె కొంచెము మించిన నియతసుంకము అల్పమైనను ఏటేట వచ్చును. అంతకంటె ముఖ్యమైనది, అది ముందుగా తెలిసియుండుట. వర్తకుడు ఎక్కువ సుంకమును సహింపగలడు గాని ఎంతయో తెలియని సుంకమును సహింపలేడు. గాలి, అల అతని లెక్కకు అందనివి. రాజునైనను లెక్కకు అందువానిగా చేయుటయే ఈ శాసనము సాధించిన పని.

బలహీనతయు అచ్చటనే ఉన్నది. ఇది రాజు ఇచ్చిన మాట, వర్తకునికి సంక్రమించిన హక్కు కాదు. దయచే ఇచ్చినది దయ తప్పినచో పోవును. శత్రువు చేసిన ధర్మమునైనను కాపాడవలెననెడి భావము మన దేశపు శాసనములలో పలుమాఱు కానవచ్చుట ఈ శంకకు సాక్ష్యము. రాబోవు రాజును కట్టివైచు సాధనము ప్రార్థన తప్ప వేఱొకటి లేకుండెను. స్వదేశవర్తకులకైనచో ‘ఉభయనానాదేశి పెక్కండ్రు’ వంటి సమయములు అండగా నుండెను. ఓడ పగిలి ఒడ్డునబడిన పరదేశికి ఆ అండ యెంతవఱకు అందగలదు?

అయినను ఒక తరమువఱకు మాట నిలిచినట్లే యున్నది. పదమూడవ శతాబ్ది చివరిభాగమున ఈ తీరమును గూర్చి వ్రాసిన మార్కోపోలో రాజ్యమునే ‘ముత్‌ఫిలి’ యని పేర్కొనెను. ఓరుగంటి పేరు కాక రేవు పేరే పరదేశీయుల నోట రాజ్యనామమైనది. అచ్చటి రాణి న్యాయపాలనమును, వజ్రములను, సన్నని వస్త్రములను ఆతడు కొనియాడెను. రాణిని మృతుడైన రాజునకు భార్యగా చెప్పుట పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుని పుత్రిక.

1323లో ఓరుగల్లు పతనమైనది. అభయమిచ్చిన వంశమే లేకపోగా అభయమెవ్వరిని అడుగవలెను? శా. శ. 1280, అనగా 1358లో కొండవీటి అనపోతారెడ్డి మోటుపల్లియందే వేఱొక శాసనమును వేయించుటతో ఈ ప్రశ్నకు సమాధానము దొరకినది. నూటపదునాలుగేండ్లకు పిమ్మట అదే రేవులో అదే మాటను మరల చెప్పవలసివచ్చెను. పైగా తెలుగుతోపాటు తమిళమున కూడ చెప్పెను. వినవలసిన వారెవరో లేఖకునికి బాగుగా తెలియును.

ఇందలి నిబంధనలు గణపతిదేవుని శాసనముకంటె సూక్ష్మములు. మోటుపల్లికి వచ్చి నివసింపగోరు వర్తకులను గౌరవించి భూమిని ఇత్తుము, వెడలిపోగోరినచో అడ్డగింపము, సరకులను తమకిష్టమైనవారికి అమ్ముకొనవచ్చును, బలవంతముగా గైకొనము, పుత్రులు లేక మరణించినవారి ధనమును రాజపరము చేయు అపుత్రిక పద్ధతిని మానితిమి, చందనముపై సుంకమున మూడవ వంతు తగ్గించితిమి. ఈ విడుపులు ఊరక పుట్టినవి కావు. వెడలిపోనిత్తుమని చెప్పవలసివచ్చెననగా, పోనీయరను భయము వర్తకుల మనస్సున ఉండెనన్నమాట. రాజు మాన్పించిన బాధల పట్టికను తిరగవేసి చదివినచో వర్తకులు పడిన బాధల పట్టిక దొరకును. పరిశోధక విద్యార్థులు ఈ పద్ధతిని తక్కిన సుంకశాసనములకు కూడ అన్వయించి చూడదగును.

ఈ విధానపు ఫలము కుమారగిరిరెడ్డి కాలమున కన్పట్టును. వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమొసగెను. ఆ కృతి అవతారికలో హురుమంజి గుఱ్ఱములు, సింహళపు ఏనుగులు, చీనాపట్టు మున్నగు ఓడసరకులు పేర్కొనబడినవి. రాజసభలో వర్తకుడు కృతిభర్త యగుట సామాన్యమైన మార్పు కాదు.

పదునాఱవ శతాబ్దమున కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఇదే విషయమును వేఱొక గొంతుతో చెప్పెను. రేవులను బాగుచేయవలెననియు, ఓడలు చెడి వచ్చిన పరదేశీయులను తగినట్లు ఆదరింపవలెననియు, ఏనుగులను, మేలి గుఱ్ఱములను తెచ్చు దూరద్వీపవర్తకులకు ఊళ్లును, కొలువున గౌరవమును, మంచి వెలయు ఇచ్చి, ఆ సరకు పగవారికి చేరకుండ చూడవలెననియు అందలి ఉపదేశము. ఇచ్చట దయ, కీర్తి యను మాటలకంటె పగవాడను మాటకే బరువెక్కువ. కారణము స్పష్టము. ఆ మాటలు యామునుడు రాజ్యమును అప్పగించుచు కుమారునికి ఏకాంతమున చెప్పినవి. మోటుపల్లి శిల వర్తకులు చదువుటకై రేవులో నిలిపినది.